పద్నాలుగో నంబరు పద్మిని

కార్ల గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆఫీసులో నలుగురు టీకి చేరితే చాలు, ఏ కారు ఎంత మైలేజీ ఇస్తుంది, ఏ కారు ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, ఇదే గోల. వాళ్ళలో సగం మందికి సైకిలు గొలుసు ఊడితే ఎక్కించుకోవడం రాదు. అలాంటి నేను ఒక కార్ల పిచ్చి మనిషి గురించి రాయడానికి కూర్చున్నానంటే, ఆ మనిషి సామ్యేలు గారు కాబట్టే.

సామ్యేలు గారు మా కంపెనీ డ్రైవరు. తొంభై ఎనిమిదిలో నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరేనాటికి మా ఆఫీసు బేగంపేటలో ఉండేది. ఆ చలికాలంలో మాదాపూర్‌లో కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌కి మారాం. అప్పట్లో అక్కడ ఆ భవనం తప్పిస్తే చుట్టూ బండరాళ్ళే. మధ్యాహ్నం పూట క్వారీల్లో రాయి పేల్చితే మా టేబుళ్ళ మీద టీ కప్పులు గలగలమనేవి. బస్సులు అంతంతమాత్రం కాబట్టి ఆడపిల్లల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకురావడానికి కంపెనీ ఒక తెల్ల అంబాసిడర్ పెట్టింది. సామ్యేలు గారు లింగంపల్లి నుంచి వచ్చి, మూసాపేటలో మా బాబాయి ఇంటి దగ్గర మొదట నన్ను ఎక్కించుకునేవారు. మిగతా ఇద్దరూ కూకట్‌పల్లిలో ఎక్కేదాకా బండిలో మేమిద్దరమే.

ఎనిమిదింటికి రావాలంటే ఏడూ యాభైకే మా సందు మొదట్లో కానుగ చెట్టు కింద బండి ఆగి ఉండేది. ఆయన హారను కొట్టేవారు కాదు. ఇంజను ఆపి, దిగి, పసుపుపచ్చ గుడ్డతో అద్దం తుడుస్తూ నిలబడేవారు. ఎందుకండీ ఇంత ముందు, ఇంట్లో ఇంకో పది నిమిషాలు పడుకోవచ్చు కదా అన్నానొకసారి.

"డ్రైవరు ఆలస్యంగా వస్తే తప్పమ్మా. టైముకి వస్తే మామూలు. ముందొచ్చి ఆగితేనే ఉద్యోగం" అన్నారు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. బండి ఎక్కడ ఆపినా వెనక తలుపు ఎక్కేవాళ్ళ కాళ్ళ ముందుకే రావాలి. అడుగు ముందుకెళ్ళినా, అడుగు వెనకబడినా ఆయనకి ఆ పూటంతా మనసు మనసులో ఉండేది కాదు.

కార్ల సంగతులు ఎలా మొదలయ్యాయంటే, నవంబరులో ఒక మంగళవారం పొద్దున ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమోనని భయపడి అడిగాను.

"షూమాకర్ బండి స్టార్టింగులోనే ఆగిపోయిందమ్మా" అన్నారు.

ఎవరో చుట్టాలబ్బాయి అనుకున్నాను. కాదు. జపానులో ఫార్ములా వన్ రేసట. ఏడాదంతా పోరాడి ఆఖరి రేసుకొస్తే, అంతటివాడి ఇంజను గీత మీదే ఆగిపోయి, అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టాల్సి వచ్చిందట. ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ ముందుకొస్తే సగం దారిలో టైరు పేలిందట. ఆ రేసు మనకి ఆదివారం ఉదయం. సరిగ్గా చర్చిలో పాస్టరు గారు ప్రసంగం అందుకునే వేళ. సామ్యేలు గారు ముప్పై ఏళ్ళుగా ఆరాధన మానని మనిషి, భార్య విమల గారు క్వయర్‌లో పాడతారు. కాబట్టి ఆ సంగతి ఆయనకి సోమవారం పేపర్లో తెలిసింది. పేపరు కూడా కొన్నది కాదు. పగటిపూట ఇదే బండిలో తిరిగే మా బాసు వెంకట్ సార్ వెనక సీట్లో షేర్ల పేజీ చదివి పడేసిన ఇంగ్లీషు పేపరు. సామ్యేలు గారు మిషను బడిలో నేర్చిన ఇంగ్లీషుతో ఆటల పేజీ వేలు పెట్టి చదువుకుని, మోటారు రేసుల ముక్క కత్తిరించి, సండే స్కూలు పాత హాజరు పట్టీలో అతికించుకునేవారు. ఒకసారి నాకు చూపించారు. ఎడమవైపు పిల్లల పేర్లు, ప్రెజెంటు, ఆబ్సెంటు. కుడివైపు ఎర్ర కార్లు, వెండిరంగు కార్లు.

ఆ తర్వాత రోజూ నాకు పాఠమే. మనం కూర్చున్న అంబాసిడర్ ఒకప్పటి ఇంగ్లండువాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనీ, పద్మిని కారుకి ఆ పేరు పెట్టక ముందు ప్రెసిడెంటు అనేవారనీ, అసలు అది ఇటలీ ఫియట్ అనీ. ఎదురుగా వచ్చే బండిని చూడకుండా, చప్పుడు విని పేరు చెప్పేవారు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత, నిజం చెప్పొద్దూ, ఆ పావుగంట కోసం పొద్దున్నే గబగబా తయారయ్యేదాన్ని. మనిషి ఇష్టమైనదాని గురించి మాట్లాడుతున్నప్పుడు పక్కన కూర్చోవడం కూడా ఒక భోగమే.

ఇంత తెలిసినాయన ఒక్క రేసు కూడా చూడలేదు.

"మాది గూడూరమ్మా. పద్దెనిమిదేళ్ళకి మద్రాసు పోయి ఒక మిల్లు ఓనరు దగ్గర డ్రైవరుగా చేరాను. ఆయనకి రేసులంటే ప్రాణం. షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద పెట్టేవాళ్ళు. నాలుగేళ్ళు వరసగా ఆయన్ని తీసుకెళ్ళాను."

"మరి చూశారుగా!"

"పార్కింగులో ఉండేవాణ్ణమ్మా. బండి వదిలి పోకూడదు గదా. మధ్యలో తాటాకుల దడి. అవతల బండ్లు పోయేవి. ఏ బండి ముందుందో, ఎవడు గేరు తప్పేశాడో అంతా చెవులతోనే."

అలా చెబుతూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరి మీకేం కావాలండీ, రేసు చూడటమా అని అడిగాను. భరత్‌నగర్ వంతెన వైపు నుంచి వచ్చిన లారీ ఒకటి మమ్మల్ని దాటి పోయేదాకా ఆగారు.

"ఒక్కసారి రేసు రోడ్డు మీద చక్రం పెట్టాలమ్మా. గెలవక్కర్లా. ముప్పై ఏళ్ళుగా ఎవరో ఒకర్ని ఎక్కించుకుని, ఎక్కడికో ఒక చోటికి తోలుతున్నా. ఎవరినీ ఎక్కించుకోకుండా, ఎక్కడికీ పోకుండా, ఊరికే ఒక చుట్టు. బయల్దేరిన చోటికే రావాలి. అంతే."

ఆ మాట నన్ను పట్టుకుంది. అందుకే జనవరిలో టవర్స్ నోటీసు బోర్డు మీద కాగితం కనబడగానే ఎగిరి గంతేశాను. టవర్స్ కంపెనీల ఉద్యోగులకి, వాళ్ళ కుటుంబాలకి కారు ర్యాలీ. బండికి ఇద్దరు, ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవాళ్ళు దారి, లెక్క చూడాలి. గెలిచిన జంటకి ఫిబ్రవరిలో మద్రాసు శివార్లలోని రేసు ట్రాకులో పోటీలు చూడటానికి రెండు పాసులు, పోటీలయ్యాక ట్రాకు మీద తమ బండిలో ఒక చుట్టు. ఒక చుట్టు! ఆ కాగితం ఆయన కోసమే అంటించినట్టుంది.

నాకు డ్రైవింగు రాదు, లెక్కలొచ్చు. ఫారంలో ఆయన హోదా దగ్గర 'రవాణా విభాగం' అని రాసేశాను. అబద్ధం కాదుగా. ఇక బండి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరిచ్చాక బండి వెతుక్కోవడం మొదలుపెట్టాను. మా పట్టాభిరామయ్య బాబాయికి ఒక నీలం పద్మిని ఉంది. సెక్రటేరియట్‌లో పని చేస్తున్నప్పుడు కొన్నది, రిటైరయ్యాక వారానికోసారి తప్ప తియ్యడు. కన్నకొడుకు అడిగితే కూడా తాళం ఇవ్వలేదు. సామ్యేలు గారు వచ్చి గేటు దగ్గర నిలబడి, బాబాయి స్టార్టు చేసి చూపిస్తే రెండు నిమిషాలు విన్నారు.

"మూడో సిలిండరు టాపెట్ కొడుతోందండి. సర్దిస్తే మళ్ళీ కొత్త గొంతు వస్తుంది" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అవగానే వచ్చి తనే సర్దారు. బాబాయి చెవి ఒగ్గి విని, లోపలికెళ్ళి తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "జాగ్రత్తండీ" అన్నాడు. మనిషికిచ్చే మర్యాద బాబాయి దగ్గర నేర్చుకోవాలి, మిగతావి అక్కర్లేదు.

ర్యాలీ అంటే ఎవడు ముందొస్తే వాడు గెలిచే పరుగు కాదు. ఈ దారిలో గంటకి ముప్పై ఆరు కిలోమీటర్లు, ఆ దారిలో నలభై రెండు, ఇలా వేగం వాళ్ళే చెబుతారు. దారిలో నాలుగు చోట్ల జెండా పట్టుకుని మనుషులుంటారు. లెక్క ప్రకారం ఏ నిమిషానికి అక్కడ ఉండాలో ఆ నిమిషానికే ఉండాలి. నిమిషం ఆలస్యానికి ఒక తప్పు పాయింటు, నిమిషం ముందొస్తే రెండు. తక్కువ తప్పులున్నవాళ్ళు గెలిచినట్టు. నిబంధనలు మూడు కాగితాలు, అన్నీ ఇంగ్లీషులో. వారం రోజులు పొద్దున అంబాసిడర్‌లో రెండు కాగితాలు అక్షరం పొల్లు పోకుండా ఆయనకి చదివి చెప్పాను. మూడోది వచ్చేసరికి కూకట్‌పల్లి వచ్చింది. పైపైన చూసి, "ఇవన్నీ మామూలువేలెండి" అని మడిచి సంచీలో పెట్టుకున్నాను.

ఆ మాట నాదే. ఇంకెవరిమీదా తోయడానికి లేదు.

ర్యాలీ ఆదివారం ఉదయం. ఆరాధన మానాలి కదా, ఇంట్లో ఏమన్నారని అడిగాను. "ఒక్క ఆదివారానికి దేవుడేమీ అనుకోడులే, నువ్వొచ్చి కూర్చున్నా మనసు ఆ బండ్ల దగ్గరే ఉంటుంది, ఆ మాత్రానికి కుర్చీ దండగ" అన్నారట విమల గారు. సామ్యేలు గారు ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం చొక్కాలోనే వచ్చారు. మాకు పద్నాలుగో నంబరు వచ్చింది. తలుపు మీద ఆ కాగితం అంటించాక, అంచుల్లో గాలి బుడగ లేకుండా బొటనవేలితో నాలుగైదు సార్లు రుద్దారు. నిర్వాహకులు పంచిన జాబితాలో 'సామ్యేలు' అని తన పేరు అచ్చులో చూసుకుని, మడత నలగకుండా జేబులో పెట్టుకున్నారు. మా కన్నా నాలుగు బండ్ల ముందు వెంకట్ సార్, ఆయన భార్య ఉమాశ్రీ గారు కొత్త ఎస్టీమ్‌లో ఉన్నారు.

గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి, పటాన్‌చెరు, శంకర్‌పల్లి, చేవెళ్ళ, తిరిగి గండిపేట పక్కనుంచి రాయదుర్గం. నేను కాలిక్యులేటరు, గడియారం ఒళ్ళో పెట్టుకుని లెక్కలు కట్టడం, ఆయన నడపడం. పద్మిని స్పీడు ముల్లు జ్వరమొచ్చినట్టు ఊగుతుంది. "ముల్లు చూడకండమ్మా, నేను ఇంజను వింటున్నా" అన్నారు. ముప్పై ఆరంటే ముప్పై ఆరే. మొదటి జెండా దగ్గర సున్నా. రెండో దగ్గర సున్నా. చేవెళ్ళ దగ్గర ఒక్క పాయింటు, అది కూడా నేను కూడిక తప్పడం వల్ల. నల్లరేగడి చేల మధ్య రోడ్డు ఖాళీగా పోతోంది. ఆయన చొక్కా పై గుండీ విప్పుకున్నారు. అన్నాళ్ళలో అదొక్కసారే ఆ గుండీ విప్పడం చూశాను. మనం గెలుస్తున్నామండీ అన్నాను. ఆయన చిన్నగా కీర్తన ఏదో కూనిరాగం తీశారు.

గండిపేట దాటాక నాకే తొందర పుట్టింది. రాయదుర్గం దగ్గర గొర్రెల మందలు అడ్డొస్తాయి, కొంచెం లాగండి అన్నాను. లాగారు. తీరా చూస్తే ఒక్క గొర్రె కూడా రాలేదు. "రెండు నిమిషాలు ముందున్నామండీ" అని చెప్పి, లెక్క మళ్ళీ సరిచూద్దామని తల వంచాను. బండి నెమ్మదిగా పక్కకి తిరిగి ఆగింది. ఇంజను ఆగిపోయింది. తలుపు చప్పుడైంది.

తల ఎత్తేసరికి సామ్యేలు గారు వేపచెట్టు నీడలో నిలబడి పసుపుపచ్చ గుడ్డతో అద్దం తుడుస్తున్నారు. నూట యాభై గజాల అవతల జెండా రెపరెపలాడుతూ కనిపిస్తోంది.

రాయదుర్గం ఊళ్ళోంచి జెండా పట్టడానికి పెట్టుకున్న పెద్దన్న అనే ఆయన మా వైపే చూస్తూ పలక మీద ఏదో రాసుకున్నాడు. మేం సరిగ్గా నిమిషానికి, సెకను తేడా లేకుండా గీత దాటితే దగ్గరికొచ్చాడు.

"ఏందన్నా, గిట్ల జేసినవ్? జెండా కనవడే కాడ బండి ఆపొద్దని రూలున్నది గద. ఆ మలుపు అవతల్నే ఆగినా ఫికర్ లేకపోవు. జర సూస్కోవద్దా?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు ఆ మనిషి. "ఇగ పది పాయింట్లు పోయినయ్."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సంచీలోంచి మూడో కాగితం తీశాను. ఐదో నిబంధన. ఉంది.

మాకు పదకొండు తప్పులు. వెంకట్ సార్‌కి ఆరు. మాకు రెండో బహుమతిగా గోడ గడియారం ఇచ్చారు. సామ్యేలు గారు దాన్ని రెండు చేతులా అందుకుని, వేదిక మీద అందరికీ నమస్కారం పెట్టారు. తిరిగొస్తూ బండిలో నేను ఏడ్చేశాను. కాగితం చదవకపోవడం నా తప్పేనండీ అని మొత్తం చెప్పాను.

"మీరు చదివినా ఆగేవాణ్ణేనమ్మా. ముందొచ్చామనగానే చెట్టు కోసం చూసుకోవడం చేతికలవాటు. అది రూలు చెబితే పోతుందా?" అన్నారు. నన్ను ఊరుకోబెట్టడానికన్నారో, నిజమే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మూసాపేట చేరాక, బాబాయికి తాళం ఇచ్చే ముందు, తలుపు మీది పద్నాలుగు కాగితం చిరగకుండా తడిపి తీసుకున్నారు.

మర్నాడు ఆఫీసు పోర్టికోలో వెంకట్ సార్ ఆయన భుజం తట్టారు. మంచాయనే, మనసులో ఏమీ ఉండదు.

"సామ్యేలూ, సూపర్‌గా నడిపావట! బ్యాడ్ లక్. ఫిబ్రవరి రెండో ఆదివారం ఫ్రీగా పెట్టుకో. మద్రాసు దాకా నేను డ్రైవ్ చెయ్యలేనయ్యా. ఎస్టీమ్ నువ్వే తీసుకురావాలి."

"మద్రాసా సార్? రేసుకా?" అన్నారు సామ్యేలు గారు. ఆ క్షణాన ఆ మొహం చూడాల్సింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి మొహం అలా వెలగడం నేను మళ్ళీ చూడలేదు.

పాసులు రెండే. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. సార్‌ని మూడో పాసు అడుగుదామని, కనీసం ఆ ఒక్క చుట్టు ఈయన చేత తిప్పించమని చెబుదామని మాటలు కూర్చుకుని ఆయన గది దాకా వెళ్ళాను. "సంయుక్తా, నీ మాడ్యూల్ ఎక్కడిదాకా వచ్చింది?" అన్నారు. ఇంకో రెండు రోజులు పడుతుంది సార్ అని చెప్పి వచ్చేశాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు మరి. ఇంట్లో బాబాయి మీద అంతెత్తున లేచే నోరు, అక్కడ పెగల్లేదు.

వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడు, ఏడూ యాభైకి కానుగ చెట్టు కింద అంబాసిడర్ ఆగి ఉంది. నేను ఆ రోజు ఏడున్నరకే అక్కడ నిలబడ్డాను. బండి కదలగానే అడిగాను.

"చూశారా?"

"విన్నానమ్మా" అన్నారు. "షోలవరంలో దడి ఉండేది, ఇక్కడ గోడ. రెండో రేసులో ఒకడు మూడో గేరులోంచి తప్పు గేరు కొట్టాడు. వినగానే అనుకున్నా, వీడి పని అయిపోయిందని. సాయంత్రం సార్ చెప్పారు, ముందున్నవాడే ఓడిపోయాడట."

"మరి ఆ చుట్టు?"

"సారూ అమ్మగారూ తిరిగొచ్చారు. నేనే గేటు దాకా తీసుకెళ్ళి తాళాలిచ్చాను. ఒక చుట్టు కాగానే సార్ బండి మళ్ళీ గేటు దగ్గర వదిలేసి, ఫొటోల కోసమని నడుచుకుంటూ లోపలికి పోయారు." గేరు మార్చారు. "తర్వాత గేటు దగ్గర మనిషి కేకేశాడమ్మా. మీ సార్ అదుగో, ట్రాకు మధ్యలో ఉన్నారు, ఎండకి నడవలేరట, బండి తెమ్మంటున్నారు, పోటీలయిపోయాయి, ట్రాకు మీదే పోనియ్ అన్నాడు."

ముందు సీటు పట్టుకుని వంగాను. "వెళ్ళారా? ట్రాకు మీద?"

"మూడొందల గజాలు ఉంటుంది."

"ఎలా ఉందండీ?"

"నున్నగా ఉందమ్మా" అన్నారు. "చక్రం చప్పుడే రాలా."

అద్దంలో ఆయన కళ్ళు కనిపిస్తున్నాయి. రోడ్డు మీదే ఉన్నాయి. ఆగలేకపోయాను. పోటీలయిపోయాయి, ముందు రోడ్డంతా ఖాళీ, అడిగేవాళ్ళు లేరు, సార్‌ని దాటి పోనిచ్చి ఒక్క చుట్టు తిరిగొస్తే ఏం పోయేదండీ, రెండు నిమిషాలు కూడా పట్టదు కదా అని దాదాపు అరిచాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"ఎండలో నిలబడి ఉన్నారు కదమ్మా సారు" అన్నారు. "వెనక తలుపు సరిగ్గా ఆయన ముందుకొచ్చేటట్టు ఆపాను."